ముందు కోడలి కంచం

మా సోలాపూరు తూర్పు భాగంలో మరమగ్గాల చప్పుడు ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఆ చప్పుడులోనే నేను ముగ్గురిని కన్నాను. కడుపుతో ఉన్నా రోజుకు వెయ్యి బీడీలు చుట్టేదాన్ని. అందరూ తిన్నాక మిగిలిన జొన్నరొట్టె, పల్లీల చట్నీ నా భోజనం.

పెద్దబ్బాయి పుట్టినప్పుడు రెండున్నర కిలోలు. ఎప్పుడూ బక్కగానే ఉండేవాడు. ముప్పై నాలుగేళ్ళకే షుగరు వచ్చింది. "బక్కవాడికి షుగరేమిటి?" అని ఏడ్చాను.

డాక్టరమ్మ విడమరచి చెప్పింది. పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993లో ఆ చుట్టుపక్కల ఆరు పల్లెల్లో గర్భిణుల తిండిని పరిశీలించడం మొదలుపెట్టింది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువులది 3.5. మనవాళ్ళలో తగ్గింది ముఖ్యంగా కండ. కొవ్వు అంతగా తగ్గలేదు. తల్లికి బి12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉంటే, ఆ పిల్లల్లో ఆరేళ్ళకే ఇన్సులిన్ పని మందగించినట్టు 2008లో వెల్లడించారు.

ఇప్పుడు మా కోడలికి ఆరో నెల. బరువు ఎక్కువ, షుగరు కూడా కనిపించింది. "ఇద్దరి తిండి తినాలమ్మా" అంటూ లడ్డూలు పెట్టబోయాను. "అత్తమ్మా, నా రక్తంలోని చక్కెరే బిడ్డకూ పోతుందట. కొవ్వు పట్టి పుడితే రేపు దానికీ ఈ బాధేగా" అంది. ఆకలీ చేటే, అతీ చేటేనన్నమాట.

ఇప్పుడు మా ఇంట్లో ముందు ఆమె కంచం పెడతాం: రొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు. "నీ తప్పేం లేదమ్మా, నీకు మిగిలిందే నువ్వు తిన్నావు" అన్నాడు నా కొడుకు. అక్కచెల్లెళ్ళారా, మీ ఇంట కోడలికి మిగిలింది పెట్టకండి.