గెన్ దొంగిలించిన చేప

హిరోషిమా బడిపిల్లలకు శాంతి పాఠాలు చెప్పే పుస్తకంలోంచి 2023లో ‘బేర్‌ఫుట్ గెన్’ బొమ్మల కథ భాగాలను తీసేశారు. నగర విద్యామండలి చెప్పిన కారణాల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. గెన్ అనే కుర్రాడు నీరసించిపోయిన తల్లి కోసం పరాయివాళ్ల కొలనులో చేపను దొంగిలిస్తాడు. అది చదివి పిల్లలు అపార్థం చేసుకోవచ్చట. అణుబాంబు పడ్డ ఊళ్లో, ఆ బాంబు గురించిన కథలో, పెద్దలకు చిక్కొచ్చి పడింది ఒక చేప దగ్గర!

ఆ కథ రాసి బొమ్మలు గీసిన కేజీ నకజావా బాంబు పడినరోజు ఆరేళ్లవాడు. తండ్రి, అక్క, తమ్ముడు కూలిన ఇంటి కింద చిక్కుకుని చనిపోయారు. నిండు గర్భిణి అయిన తల్లి ఆరోజే ఆడపిల్లను కన్నది. ఆ పసికందు కొన్ని నెలలకే పోయింది. 1966లో తల్లి చనిపోయి దహనం చేస్తే, ఏరుకోవడానికి ఎముకలు కూడా మిగల్లేదట. అన్నేళ్లూ బాంబు ఊసెత్తని మనిషి, ఆ తర్వాతే దాని గురించి గీయడం మొదలుపెట్టాడు. ‘గెన్’ 1973లో పిల్లల వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. అంత పోగొట్టుకున్నవాడు తన కథలోని కుర్రాణ్ణి సత్యహరిశ్చంద్రుడిలా గీసి ఉంటే, నేనైతే రెండో పేజీ తిప్పేవాణ్ణి కాదు.

విద్యామండలి మీద నవ్వు రాకపోలేదు. కానీ నేనూ నీతికథల మీద పెరిగినవాణ్ణే. దొంగ చివరికి దొరకాలి, చెంపలు వేసుకోవాలి, అప్పుడే కథ కంచికి. అయితే మన భారతంలోనే శాంతిపర్వంలో మరో రకం కథ ఉంది. పన్నెండేళ్ల కరువులో విశ్వామిత్రుడు చండాలుడి ఇంట్లో కుక్క తొడమాంసం దొంగిలించబోతాడు. ఇంటివాడే మేలుకుని, అది తప్పు అని ధర్మం చెబుతాడు. ముందు ప్రాణం నిలవనీ, తర్వాత ధర్మం ఆచరిస్తానంటాడు ముని. భీష్ముడు ఈ కథను ధర్మరాజుకు చెప్పాడు. మనం పిల్లలకు చెప్పడానికి జంకాం, అంతే.

ఈమధ్య మా మనవరాలికి ‘ది సిల్వర్ సోర్డ్’ తెలుగులో చెబుతూ వచ్చాను. 1956 నాటి ఇంగ్లీషు నవల. రాసిన ఇయాన్ సెరాలియర్ బడిపంతులు. క్వేకర్ మతస్థుడు కాబట్టి యుద్ధంలో ఆయుధం పట్టనన్నవాడు. వార్సాలో తల్లిదండ్రులను నాజీలు పట్టుకుపోతే రూత్, ఎడెక్, బ్రోనియా అనే ముగ్గురు తోబుట్టువులు నేలమాళిగలో తలదాచుకుంటారు. యాన్ అనే అనాథ కుర్రాడు తోడవుతాడు. యుద్ధం ముగిశాక అమ్మానాన్నలను వెతుక్కుంటూ స్విట్జర్లాండ్ దారి పడతారు.

నాకు నచ్చింది యాన్. జర్మన్ల దగ్గర దొంగిలించడం దేశభక్తి అనుకునే రోజుల్లో పెరిగాడు. యుద్ధం అయిపోయింది, వాడి చేతులకు ఆ సంగతి తెలియదు. అమెరికన్ల గూడ్సు రైల్లోంచి తిండి డబ్బాలు కాజేసి సైనిక కోర్టులో నిలబడతాడు. అధికారి వాడి మాట వింటాడు, శిక్ష మాత్రం వేస్తాడు. ఎవరూ వాణ్ణి నెత్తికెత్తుకోరు, రాక్షసుణ్ణీ చేయరు. అక్కడ ఆగి, “తప్పు చేశాడా మరి?” అన్నాను.

“చేశాడు. క్షయ ఉన్న ఎడెక్‌కి ఆ డబ్బాలు అందాయా తాతయ్యా?” అంది మనవరాలు.

రెండూ ఒకే ఊపిరిలో. చేపకు జడిసిన పెద్దలు పిల్లల్ని ఎంత తక్కువ అంచనా వేశారో నాకు తెలిసింది అప్పుడే.

జపాన్ రచయిత అకియుకి నొసాకా దగ్గర మాత్రం ఇంత తేలిగ్గా లేదు. 1967లో ఆయన రాసిన ‘మిణుగురుల సమాధి’ నిజానికి పిల్లల కోసం రాసింది కాదు. 1988లో తకహాతా యానిమేషన్ సినిమాగా తీశాక పిల్లలదీ అయింది. కోబే మీద బాంబుల వాన కురిశాక సెయిటా అనే పద్నాలుగేళ్లవాడు నాలుగేళ్ల చెల్లెల్ని బతికించుకోవాలని పొలాల్లో కూరగాయలు దొంగిలిస్తాడు, దెబ్బలు తింటాడు. అయినా చెల్లెలు దక్కదు, తనూ మిగలడు. నొసాకా పెంపుడు చెల్లెలు కూడా 1945లో తిండిలేకే పోయింది. తను సెయిటా అంత మంచి అన్నను కానని, ఆకలికి ఆగలేక ఆ పసిదాని వాటా కూడా తినేశానని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ కథ ఆమెకు చెప్పుకున్న క్షమాపణ. చేప దొంగతనం దీని ముందు ఏపాటి? యుద్ధం పిల్లవాడిచేత చేయించే పనుల్లో కథలోకి రానివ్వలేనంత నిజం కూడా ఉంటుందన్నమాట.

ఆ సినిమా మనవరాలికి ఇంకా చూపించలేదు. చూపిస్తే నొసాకా చెల్లెలి వాటా తినేసిన సంగతీ చెప్పాల్సిందే, సగం చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. తొమ్మిదో తరగతికి వచ్చాక చూద్దాం నాన్నా అంటోంది మా అమ్మాయి. అంతదాకా ఎందుకంటాను నేను. ఇంకా తేలలేదు.