పొరుగు పొలములోని బోదె

దిల్‌సుఖ్‌నగరు ఒకప్పుడు సేద్యపు భూమి. 1626వ సంవత్సరమున ఏర్పడిన సరూరునగరు చెరువు నేటికిని చెంతనే యున్నది. పొలములు మాత్రము ఇండ్లైనవి. ఎల్బీనగరునుండి వచ్చు మా విద్యార్థులకు నీరనగా కుళాయియే. ఒకరి పొలముగుండా మరియొకరి మడికి నీరు పారునని మేము చెప్పగా, "పొరుగువాడు వలదనిన నేమి చేయుదురండీ?" అని యొక బాలుడడిగెను.

అది మా యింట జరిగినదే. తెనాలి ప్రాంతమున మా తండ్రిగారి యెకరమునకు నీరు పొరుగువారి పొలములోని బోదెవెంట వచ్చెడిది. ఒకయేడు నాట్లైన పిమ్మట ఆ ఆసామి బోదెను పూడ్పించెను. కొలదిదినములకే మడి నెఱియలిచ్చెను.

1882వ సంవత్సరపు ఈజుమెంటు చట్టము ప్రకారము, ఇరువదియేండ్లు బాహాటముగా, ఆటంకములేక, హక్కుగా వాడుకొనిన కాలువపై హక్కేర్పడును. దయతో నిచ్చిన సెలవు హక్కుగాదు. నేల పొరుగువానిదే, బాగుచేయు ఖర్చు నీరు వాడువానిది. ఇరువదియేండ్లు వాడక మానినచో ఆ హక్కు నశించును. (ఇది విని పిల్లలు మిక్కిలి వింతపడిరి.) కోర్టున్నది గాని, నాటిన మడి వాయిదాలకాగదు గదా!

మా తండ్రిగారియొద్ద కాగితము లేదు. ఏటేట వేసవిలో ఆ బోదె పూడిక తీసిన పార యుండెను, తీయుచుండగా చూచినవారుండిరి. కడకు ఆసామి తల్లియే గట్టుమీదికి వచ్చి, "వీరి తాతనాటి బోదెరా యిది, త్రవ్వించు" అని కుమారుని గద్దించెను. ఆ సాయంకాలమే నీరు వచ్చెను. దిగువమూల పది సెంట్ల నాటు మాత్రము అప్పటికే యెండిపోయెను.