క్యుపర్టినో కళాశాలలో ఒక పూట

మైసూరులో పుట్టి, మైసూరులోనే గుమాస్తాగిరి చేసుకుంటున్న మాకు అమెరికా చూచే యోగం పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. పోయిన సంవత్సరం మా అక్కయ్య టిక్కెట్లు పంపి, అక్టోబరులో రమ్మన్నది. ఆమె కాపురం క్యాలిఫోర్నియా రాష్ట్రంలోని క్యుపర్టినోలో. అక్కడి వంతెనలను గురించి, సముద్రతీరాలను గురించి చాలామంది వ్రాసియున్నారు గనుక వాటి జోలికి పోము. ఒక పూట చూచిన ఒక కళాశాలను గురించి మాత్రం చెప్పుకుంటాము.

దిగిన మూడవనాటి రాత్రి భోజనాల దగ్గర బావగారు సంగతి మా చెవిని వేసినారు. మా మేనల్లునికి పంతొమ్మిదేళ్ళు. ఊరిలోనే ఉన్న డి ఆంజా కళాశాలలో చేరినాడు. కంప్యూటరు చదువుతాడనుకుంటే తత్త్వశాస్త్రం చదువుతానంటున్నాడట.

"నీ మాటంటే వాడికి గురి. నువ్వు నచ్చచెప్పు. రేపు ఉద్యోగం దొరక్క తిరిగితే అప్పుడు బోధపడుతుంది వాడికి తత్త్వం!" అన్నారు. అక్కయ్య ఏమీ అనలేదు. మజ్జిగ పోస్తూ మా వంక ఒకసారి చూచింది.

మేము ఒప్పుకున్నాము. మెట్రిక్ ప్యాసైన ఏడే మా తండ్రిగారు పోయినారు. అప్పటికి అక్కయ్య అత్తవారింట ఉన్నది. ఇల్లు గడవాలి గనుక మేము ఉద్యోగంలో చేరినాము. చదువు అక్కడితో సరి. కడుపు నిండిన తరువాతనే తత్త్వము అన్నది ఇరవై ఏళ్ళకు పైబడిన మా నమ్మకం. అదే వాడికి చెప్పవలెనని మాటలు కూర్చుకొని, మరునాడు వాడి వెంట 23వ నంబరు బస్సెక్కినాము.

స్టీవెన్స్ క్రీక్ రోడ్డు పొడవునా దుకాణాలూ ఇళ్ళూ. ఒకప్పుడు ఈ లోయంతా ఆప్రికాటు, ప్రూను పండ్ల తోటలట. ఇప్పుడు ఆపిల్ కంపెనీ ముఖ్య కార్యాలయం ఉన్న ఊరిది. పడమటి కొండల మీద గడ్డి ఎండి పసుపుపచ్చగా కనిపించింది. కళాశాల 1967లో ప్రారంభమైనది. స్పెయిన్ దేశపు సేనాని, యాత్రికుడు అయిన హువాన్ బౌతిస్తా డి ఆంజా పేరు దానికి పెట్టినారు. ఎర్ర పెంకుల కప్పులు, నిటారుగా పెరిగిన రెడ్‌వుడ్ చెట్లు, మధ్య కాలిబాటలు. పాతకాలపు జమీందారీ మేడవంటి భవనమొకటి 1890ల నాటిది ఆవరణలోనే నిలిచియున్నది. గూర్ఖా వాడు లేడు. ఎవరూ మమ్ములను ఆపలేదు.

ఇటువంటి వాటిని ఆ దేశంలో కమ్యూనిటీ కాలేజీలంటారు. 1901లో జోలియెట్ అనే ఊరిలో ఇటువంటి ప్రభుత్వ కళాశాల మొదట వెలిసింది. ఒక్క క్యాలిఫోర్నియాలోనే ఇప్పుడు 116 ఉన్నాయి. ప్రవేశ పరీక్ష లేదు. హైస్కూలు ముగించినవారు గాని, పద్దెనిమిదేళ్ళు నిండినవారు గాని చేరవచ్చును. రాష్ట్రవాసులకు ఇక్కడ యూనిట్టుకు 31 డాలర్లు. నాలుగు యూనిట్ల తత్త్వశాస్త్ర పాఠానికి 124 డాలర్లు, చిల్లర రుసుములు వేరు. బయటివారికి చాలా ఎక్కువ. రెండేళ్ళు ఇక్కడ చదివి, మార్కులు బాగుంటే పెద్ద విశ్వవిద్యాలయంలో మూడవ ఏడులో చేరవచ్చును.

మావాడు ముందే అడిగి ఉంచినందున ఉపాధ్యాయులు మమ్ములను వెనుక వరుసలో కూర్చోనిచ్చినారు. క్లాసులో అందరూ కుర్రవాళ్ళే ఉంటారనుకున్నాము. మా ముందు నెరసిన జుట్టుతో ఒక నర్సమ్మ. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చినదట. ఆమె పక్కన పెయింటు మరకల బట్టలతో ఒకాయన. మా మెట్రిక్ ఇంగ్లీషుకు సగమే అందినా, ఆనాటి పాఠం మాత్రం అందింది.

గ్రీకు దేశపు ప్లేటో వ్రాసిన 'మెనో' అనే సంవాదము అది. చదువురాని బానిస కుర్రవానిని పిలిచి సోక్రటీసు ఒక లెక్క అడుగుతాడు. రెండడుగుల భుజం గల చదరం వైశాల్యం నాలుగు. దానికి రెట్టింపు, అంటే ఎనిమిది, రావాలంటే భుజం ఎంత ఉండాలి? ఉపాధ్యాయులు మా చేతికీ ఒక కాగితం ఇచ్చినారు. లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకున్న మేము తడుముకోకుండా 'నాలుగు' అని వేసినాము. గీచి చూస్తే పదహారు వచ్చింది! ఆ కుర్రవాడూ అదే చెప్పినాడు. తరువాత మూడన్నాడు, తొమ్మిది వచ్చింది. చివరికి నాకు తెలియదన్నాడు. అప్పుడే సోక్రటీసుకు సంతోషమైనది. మూల నుండి మూలకు కర్ణం గీచి, దాని మీద చదరం కడితే సరిగా ఎనిమిది వచ్చింది.

"వీడు ముందు మేలా, తెలియదన్న తరువాత మేలా?" అని అడిగినారు ఉపాధ్యాయులు. నర్సమ్మ చెయ్యెత్తింది. తెలియదని ఒప్పుకొనని నర్సు చేతిలో రోగి ప్రాణానికే ముప్పు అన్నది. క్లాసంతా ఒక క్షణం నిశ్శబ్దమైనది.

బయట బల్ల మీద కూర్చున్నాము. మావాడి పుస్తకం పాతది. ఎవరో పెన్సిలుతో గీచిన గీతలు నిండా ఉన్నవి. మాకు రాధాకృష్ణపండితులు జ్ఞాపకం వచ్చినారు. తిరుత్తణి తెలుగు కుటుంబంలో పుట్టి, అన్న వరుస బంధువు చదివి ఇచ్చిన పుస్తకాలు చేతికందినందుననే మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో ఆయన తత్త్వశాస్త్రం తీసుకున్నారని చెబుతారు. 1918 నుండి 1921 వరకు మా మహారాజా కళాశాలలో ఆయన అదే శాస్త్రం బోధించినారు. కలకత్తాకు వెళ్ళేనాడు విద్యార్థులే ఆయన బండిని స్టేషనుకు లాగినారు.

మావాడు శ్రద్ధగా విని, "మామయ్యా, తెలుగులో తత్త్వం అంటే?" అన్నాడు. తత్ అంటే అది. అదిగా ఉండుట తత్త్వము అని చెప్పినాము. కూర్చుకుని వెళ్ళిన మాటలు మాత్రం నోటికి రాలేదు.

రాత్రి బావగారు అడిగినారు: "ఏమన్నాడు? ఒప్పుకున్నాడా?"

"నాకు తెలియదు బావగారూ," అన్నాము. "కడుపు నిండిన తరువాత చదవాలి అనేవాణ్ణి. నా కడుపు నిండి పదేళ్ళయింది. ఒక్క పుస్తకం తెరవలేదు. వాడికి ఏ ముఖంతో చెప్పను?"

బావగారికి కోపం వచ్చింది. రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడినారు. వారి భయం తప్పని మేమనము. బిడ్డ బ్రతుకు తెరువు తండ్రికి ఆటకాదు. అక్కయ్య మాత్రం మూటలు సర్దేనాడు మా పెట్టెలో ఒక పాత పుస్తకం పెట్టింది. పెన్సిలు గీతలను బట్టి అది మావాడిదేనని పోల్చుకున్నాము.

వాడు ఇప్పుడు కంప్యూటరుతో పాటు తర్కశాస్త్రం కూడా చదువుతున్నాడు. ఏది ఉంచుతాడో, ఏది వదులుతాడో ఇంకా తేలలేదు. మేము ఆదివారాలు నిఘంటువు పక్కన పెట్టుకొని రోజుకు రెండేసి పుటలు చదువుతున్నాము. అమెరికాలో ఏమి చూచి వచ్చారని ఆఫీసులో అడుగుతారు. ఒక చదరము చూచి వచ్చామంటే నవ్వుతారని, వంతెన పేరు చెప్పి ఊరుకుంటాము.