పదో తరగతిలోనే కాలేజీ చదువు

మదనపల్లె దగ్గర అంగళ్లులో మిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ 1998 నుంచి ఉంది. దాని ముందు నుంచే రోజూ బస్సుల్లో, ఆటోల్లో హైస్కూలు పిల్లలు బడికి పోతుంటారు. ఆ గేటు లోపల చెప్పే పాఠం ఒక్కటైనా ఇంటర్ అయ్యేలోపు వాళ్లకు ఎందుకు అందకూడదు?

చిన్నవయసు కదా అంటారు. 2008లో ట్రిపుల్ ఐటీల యూనివర్సిటీ ఆర్జీయూకేటీ పెట్టినప్పుడూ ఈ అనుమానం ఉండేది. పది పాసైన పల్లెటూరి పిల్లల్ని నేరుగా యూనివర్సిటీ క్యాంపస్‌లో చేర్చుకుని, ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, ఆపైన నాలుగేళ్ల బీటెక్ అక్కడే చదివిస్తారు. దాని క్యాంపస్ ఒకటి మన పక్క కడప జిల్లా ఇడుపులపాయలోనే ఉంది. సర్కారు బడి పిల్లలు అక్కడ చదివి ఇంజనీర్లయ్యారు. చిన్నవయసు అడ్డం రాలేదు.

అక్కడ సీటు రానివాళ్ల సంగతే నా బాధ. వాళ్లకూ ఐఐటీల ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఇంటర్ పాసవ్వాల్సిన పని లేదు. కానీ ఫోనొకటి చేతికిస్తే చాలదు. అర్థం కానిచోట పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. ముఖ్యంగా ఇంగ్లీషు చూసి బెదిరే పిల్లలకు.

అంగళ్లు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో పాఠాలు చెప్పే సార్లూ, మేడమ్‌లూ! ఆదివారం రెండు గంటలు మీ ల్యాబ్ తెరిపించండి. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని పిలవండి. బడితో మాట్లాడి పిల్లల్ని తీసుకొచ్చే పని నాది.