కొరాపుట్ కొండలు – బండి చక్రాల కథ

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే కొరాపుట్ జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడే దాకా ఇదంతా మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. కొరాపుట్ నుంచి రాయగడ 1992లో విడిపోయింది. హద్దులు మారినా రాకపోకలు ఆగలేదు. కుందులి సంత నుంచి అల్లం, కూరగాయలు ఇప్పటికీ పికప్ బళ్ళలో మన వైపు దిగుతాయి. లోపలి ఊళ్ళలో పురిటి నొప్పుల మనిషినైనా చాలాసార్లు దింపేది ఆ బళ్ళే.

వానాకాలం మట్టిదారిలోనే బండి సత్తువ తెలిసేది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దేది ఇరుసు నడుమ గుండులా కనిపించే డిఫరెన్షియల్. అది రెండు చక్రాలకూ బలం సమంగా పంచుతుంది. చిక్కూ అక్కడే! బురదలో జారే చక్రానికి ఎంత కొద్ది బలం చాలితే, గట్టినేల మీది చక్రానికీ అంతే అందుతుంది. ఒకటి గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు.

లిమిటెడ్ స్లిప్ రకం ఈ జారుడును కొంత అదుపు చేస్తుంది. లాక్ వేస్తే రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. తారురోడ్డు ఎక్కగానే ఆ లాక్ తీసెయ్యాలి, లేకపోతే మలుపుల్లో బండి మొరాయిస్తుంది, టైర్లు అరుగుతాయి. లాక్ లేని ఫోర్ వీల్ బండికి ముందొక చక్రం, వెనకొక చక్రం జారితే అదీ ఆగిపోవచ్చు.

ఖాళీ పికప్‌కు వెనక బరువుండదు కనుక మరీ జారుతుంది. కూరుకుపోతే యాక్సిలేటర్ తొక్కకండి, గొయ్యి లోతవుతుంది. చక్రం కింద రాళ్ళు, కొమ్మలు వేసి మెల్లగా కదిలించండి.

పిల్లలతో 1,672 మీటర్ల దేవమాలి శిఖరం చూడబోయేవారు బండి మాట్లాడుకునే ముందే డ్రైవరును ఈ సంగతులు అడగండి.