లేబుల్ చదవని రోజు

మా వైపు మిషన్ భగీరథ నీళ్ల పైపులు వేసే రోజుల్లో మా అయ్య కాలువ తవ్వే కూలికి పోయేవాడు. నీళ్ల పైపు పక్కనే టార్చిలైటు లావున్న ప్లాస్టిక్ గొట్టం కూడా ఒకటి పరిచేవాళ్లు. నేనప్పుడు కొత్తగూడెంలో డిప్లొమా చదువుతున్నాను. సెలవులకు ఇంటికొస్తే అయ్య అడిగాడు.

"పెద్ద పైపుల నీళ్లొస్తయన్నరు. మరి ఆ చిన్న గొట్టంల ఏమొస్తదిరా?"

"వెలుతురు అయ్యా. గాజు దారం లోపల నుంచి పోతది."

"గొట్టం వంకర్లు తిరిగి ఉంటది గదా. వెలుతురు వంకరెట్ల పోతది?"

క్లాసులో మాకు బోర్డు మీద బాణం గుర్తులు గీసి చెప్పారు గానీ అయ్యకు ఆ బొమ్మ పనికిరాదు. వాగు గుర్తు చేశాను. వాగులో మునిగి కళ్లు తెరిచి నెత్తి మీదికి చూస్తే ఆకాశం కనిపిస్తుంది. అదే ఏటవాలుగా పక్కకు చూస్తే ఆకాశం కనిపించదు. నీటి పైపొర అద్దమైపోయి అడుగునున్న గులకరాళ్లనే చూపిస్తుంది. గాజు దారంలో కూడా అంతే. లోపలి గాజుకూ దాని చుట్టూ ఉన్న గాజుకూ చిన్న తేడా పెడతారు. ఏటవాలుగా పోయే వెలుతురు బయటికి రాలేక, లోపలికే తిరిగి తిరిగి ముందుకు పోతుంది. అయ్య కాసేపు ఆలోచించి, "అవును, చిన్నప్పుడు చూసిన," అన్నాడు.

గాజు పోగుల్లో వెలుతురును నడిపించినవాళ్లలో నరీందర్ సింగ్ కపానీ మన పంజాబులో పుట్టినవాడే. 1954లో లండన్‌లో ఉండగా ఆ పని చేసి చూపించాడు. గాజును శుభ్రం చేస్తే వెలుతురు మైళ్ల కొద్దీ పోతుందని 1966లో లెక్క కట్టి చెప్పినవాడు చార్లెస్ కావ్. ఆయనకు 2009లో నోబెల్ వచ్చింది. ఈ పేర్లు నేను పాఠంగా చదివాను. కానీ గొట్టం పక్కన మట్టి ఎత్తినవాడి ప్రశ్నే నాకు ఎక్కువ గుర్తుంది.

చదువైపోయాక ఒక కాంట్రాక్టరు దగ్గర నెట్‌వర్క్ టెక్నీషియన్‌గా చేరాను. పాల్వంచ, బూర్గంపాడు, భద్రాచలం, అవతల చర్ల దాకా తిరగడం. ఆఫీసులు, బ్యాంకులు, బడులు. మా వాళ్లలో కాలువ తవ్వినవాళ్లు వందల మంది ఉన్నారు. ఆ కాలువ చివర ఉండే పెట్టె తెరిచేవాళ్లు మాత్రం నేను తిరిగిన చోట్ల ఒకరిద్దరే కనిపించారు. అందుకే ఈ పని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. అందులో నేను చేసిన తప్పు గురించి కూడా.

అడవి అంచున ఒక ఆడపిల్లల హాస్టల్ బడి. ఊరి పేరు రాయను. ఇంటర్నెట్ లైను ఆఫీసు గదికి వస్తుంది. కంప్యూటర్ల గది మైదానం అవతల కొత్త కట్టడంలో ఉంది. మధ్య దూరం దాదాపు 250 మీటర్లు. అంతకు ముందు ఎవరో రాగి కేబులే లాగి, మధ్యలో అతుకు వేసి వదిలేశారు. రాగి ఈథర్‌నెట్ కేబులు 100 మీటర్లకు మించి నమ్మదగ్గది కాదు. పైగా మాది పిడుగుల ప్రాంతం. మే, జూన్ నెలల్లో పొద్దుగూకే వేళ ఉరిమిందంటే, రెండు కట్టడాల మధ్య లాగిన రాగి తీగ ఆ దెబ్బను నేరుగా స్విచ్‌లోకి మోసుకొస్తుంది. అక్కడ అప్పటికే రెండు పోర్టులు నల్లగా మాడి ఉన్నాయి. గాజుకు కరెంటు పట్టదు. (ఇనుప కవచం ఉన్న ఫైబర్ కేబులైతే ఆ కవచాన్ని ఎర్త్ చేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు.)

కాబట్టి ఫైబర్ వేశాం. కొత్త కట్టడంలోని స్విచ్‌కు ఫైబర్ పెట్టుకునే చోటు ముందే ఉంది. ఆఫీసు గదిలోది పాతది, 24 రాగి పోర్టులే ఉన్నాయి. కానీ వెనక వైపు రేకు మూత వేసిన ఖాళీ అర ఒకటి ఉంది. అందులోకి ఎక్స్‌పాన్షన్ మాడ్యూల్ ఎక్కించాలి. పనిలో మేం దాన్ని కార్డు అంటాం. ఆ కార్డులో ఉండే గూళ్లలోకి ట్రాన్సీవర్లు పెట్టాలి. వాటిని ఎస్ఎఫ్‌పీ అంటాం. చిటికెన వేలంత ఉంటుంది. స్విచ్ ఇచ్చిన కరెంటు సంకేతాన్ని వెలుతురుగా మార్చి ఒక రంధ్రం నుంచి పంపుతుంది, రెండో రంధ్రంలో వచ్చిన వెలుతురును మళ్లీ కరెంటుగా మారుస్తుంది. పని అంతే, కానీ లైను మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

కార్డు ఎక్కించడం కష్టమేం కాదు, తొందర పనికిరాదు. కొన్ని స్విచ్‌లలో కరెంటు ఉండగానే ఎక్కించొచ్చు. కొన్నింటిలో ఆపాలి. ఆ మోడల్ పుస్తకంలో ఏముందో అదే చేయాలి. నేను ఆపాను. మణికట్టుకు పట్టీ కట్టుకుని, దాని కొసను ఎర్త్ అయిన లోహానికి తగిలించాలి. మన ఒంట్లో ఉండే స్థావర విద్యుత్తు మనకు తెలియదు గానీ చిప్పుకు తెలుస్తుంది. ఎండాకాలం గాలి ఎండిపోయినప్పుడు మరీ ఎక్కువ. కార్డును అంచులు పట్టుకోవాలి, బంగారు రంగు పళ్లను వేళ్లతో తాకకూడదు. అర లోపల రెండు పట్టాలుంటాయి, వాటి మీద నిటారుగా తోయాలి. చివర్లో కొంచెం గట్టిగా నొక్కితే కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. తెలియకపోతే వెనక్కి తీసి మళ్లీ చూడాలి గానీ స్క్రూలు బిగించి లాగకూడదు. అలా లాగి లోపలి పిన్నులు వంచినవాళ్లను చూశాను.

తీసిన రేకు మూతను పారేయొద్దు. వాడని గూళ్ల మూతలు కూడా. మన దగ్గర కుమ్మరి పురుగు ఏ రంధ్రం కనిపించినా మట్టితో గూడు కడుతుంది. చర్ల రోడ్డు మీద ఒక ఆఫీసులో ఎస్ఎఫ్‌పీ గూడు నిండా మట్టి, అందులో పురుగు పెట్టిన సాలీడు. చీమల సంగతి చెప్పక్కర్లేదు.

కార్డు ఎక్కింది, పచ్చ దీపం వెలిగింది. రెండు ఎస్ఎఫ్‌పీలు ప్లాస్టిక్ సంచిలో వచ్చాయి. ఒకటి ఇక్కడ పెట్టాను, మైదానం దాటి వెళ్లి ఇంకోటి అక్కడ పెట్టాను. పసుపు ప్యాచ్ కార్డులు తగిలించాను. లింకు దీపం వెలగలేదు.

ఆరోజు దోస్త్ మొదటి విడత వెబ్ ఆప్షన్లకు ఆఖరు రోజు. డిగ్రీ సీట్లకు దరఖాస్తు మొత్తం ఆన్‌లైనే కదా. ఇంటర్ అయిన పిల్లలు అయిదుగురు ఇళ్ల నుంచి వచ్చి కూర్చున్నారు. ఫోన్లకు ఓటీపీ వస్తోంది గానీ పేజీ తెరుచుకోవడం లేదు. మేడం నా దగ్గరికి మూడుసార్లు వచ్చారు. "బాబూ, ఇంకెంతసేపు?" "అరగంట మేడం." మూడుసార్లూ అరగంటే.

వరసగా చూశాను. ఇక్కడ పంపే పోగు అక్కడ అందుకునే రంధ్రంలోకి రావాలి, రెండూ ఒకే వైపు తగిలితే పని చేయదు. అటూ ఇటూ మార్చాను. కొసలు తుడిచాను. గాజు లోపల వెలుతురు నడిచే దారి 9 మైక్రాన్లే, మన వెంట్రుక అంతకు చాలా రెట్లు లావు. కంటికి ఆనని ధూళి కూడా ఆ దారిని మూసేస్తుంది. తర్వాత ఎర్ర లేజరు పెన్ను ఒక కొసకు పెట్టి, రెండో కొసను తెల్ల కాగితం మీద చూశాను. ఎర్రచుక్క శుభ్రంగా పడింది. ఎక్కడైనా విరిగినా గట్టిగా వంగినా, ఆ చోట పసుపు తొడుగులోంచే ఎర్రగా కనిపిస్తుంది. ఎక్కడా కనిపించలేదు. అంటే కేబులు మంచిదే. ఇక కార్డు మీద అనుమానపడ్డాను. రెండుసార్లు కరెంటు ఆపి, కార్డు తీసి పెట్టాను. పొద్దుగూకింది. గాలివాన మొదలై కరెంటు పోయింది.

మేడం అంతకు ముందే నలుగురు పిల్లలను ఆటోలో భద్రాచలం నెట్ సెంటరుకు తీసుకుపోయారు. అయిదో అమ్మాయిది బాగా లోపలి గూడెం. నడిచి, ఆటో పట్టుకుని, వాళ్లు వెళ్లిపోయాక చేరింది. కాగితాల కవరు ఒళ్లో పెట్టుకుని నా పక్కనే స్టూలు మీద కూర్చుంది. "అన్నా, వస్తదా?" అని ఒక్కసారే అడిగింది. వస్తుందన్నాను.

రాత్రి బడి వరండాలోనే పడుకున్నాను. తెల్లారి కార్డు వైపు ఎస్ఎఫ్‌పీని తీసి, టార్చి వెలుగులో దాని పక్కనున్న లేబుల్ చదివాను. 850 నానోమీటర్లు. అవతలిది చదివాను. 1310. ఒకదాని పిడి నలుపు, రెండోదాని పిడి నీలం. కళ్ల ముందే ఉంది. 850ది లావు దారి ఉండే ఫైబర్‌లో కొన్ని వందల మీటర్లకు పనికొచ్చేది. మేం వేసింది సన్న దారి ఫైబర్, దానికి 1310 రకం కావాలి, రెండు కొసలా ఒకే రకం కావాలి. ఒకే సంచిలో వచ్చాయి కాబట్టి జతే అనుకున్నాను. సంచిలో ఎవరు పెట్టారన్నది వేరే మాట. గూట్లో పెట్టింది నేను, చదవంది నేను.

ఇక్కడ నన్ను మోసం చేసింది ఏంటంటే, ఏ స్విచ్చూ తప్పు చూపించలేదు. ఇటుది తన ఎస్ఎఫ్‌పీని గుర్తుపట్టింది. అటుదీ గుర్తుపట్టింది. విడివిడిగా రెండూ మంచివే. 1310 కోసం చేసిన కన్నుకు 850 సరిగా ఆనదు, 850 కన్నుకు 1310 అసలే కనిపించదు. రెండూ పంపుతున్నాయి, రెండూ చూస్తున్నాయి, మధ్యలో మాట కలవడం లేదు. ఒకటో తరగతిలో నేను కోయ మాట్లాడుతుంటే సారు తెలుగు మాట్లాడేవాడు. ఆయన మంచివాడే. నేనూ మొద్దునేం కాదు. ఏడాదంతా నన్ను మొద్దు అనే అనుకున్నారు.

సరైనది ఖమ్మం నుంచి బస్సులో తెప్పించేసరికి ఇంకో రోజు పోయింది. పెట్టిన వెంటనే దీపం వెలిగింది. స్విచ్‌లోకి వెళ్లి అందుతున్న వెలుతురు ఎంతో చూశాను. దాన్ని డీబీఎంలో చూపిస్తుంది. మైనస్ 6 దగ్గర ఉంది. ఆ రకం గిగాబిట్ ఎస్ఎఫ్‌పీ మైనస్ 19 దాకా తట్టుకుంటుంది కాబట్టి ఢోకా లేదు. మైనస్ 40 లాంటి అంకె కనిపిస్తే వెలుతురు రావడం లేదని అర్థం. ఆ అంకె మొదటి రోజే చూసి ఉంటే సగం రోజు మిగిలేది. చేతులతో తీసి పెట్టడమే పని అనుకునేవాణ్ని అప్పటికి.

ఆ అమ్మాయికి రెండో విడతలో సీటొచ్చింది, కోరుకున్న కాలేజీలో కాదు. అక్కడ దగ్గర్లో హాస్టల్ లేదు, మొదటి ఏడాది చుట్టాలింట్లో ఉండి చదివింది. నేను ఫోన్ చేసి లేబుల్ సంగతి చెప్పాను. ముందు ఏమీ అనలేదు. తర్వాత, "చిన్నగా రాసి ఉంటదా అన్నా?" అని అడిగింది. చిన్నగానే ఉంటుంది, కానీ చదవొచ్చు అన్నాను.

ఇప్పుడు నా సంచిలో ఒక నోటుబుక్కు ఉంటుంది. రెండు కొసల లేబుళ్లూ అందులో పక్కపక్కన రాసుకున్నాకే గూట్లో పెడతాను. వేగం, నానోమీటర్లు, దూరం. 10 గిగాబిట్ గూట్లో 1 గిగాబిట్‌ది చాలాచోట్ల నడుస్తుంది, 1 గిగాబిట్ గూట్లో 10ది నడవదు. 80 కిలోమీటర్ల రకాన్ని చిన్న దూరానికి నేరుగా పెడితే వెలుతురు ఎక్కువై అవతలి కన్ను పాడవొచ్చు. కొన్ని కంపెనీల స్విచ్‌లు వేరే కంపెనీ ఎస్ఎఫ్‌పీని ఒప్పుకోవు, కొనకముందే అడగాలి. పని నేర్చుకోవాలని వచ్చే మన పిల్లలకు నేను మొదట చెప్పేది మాత్రం ఇంకోటి. వెలుతురు వస్తోందా అని రంధ్రంలోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆ వెలుతురు కంటికి కనిపించదు, 1310ది ఫోన్ కెమెరాలో కూడా కనిపించదు. కనిపించలేదని లేనట్టు కాదు, కన్ను దెబ్బతినొచ్చు.

మొన్న పండక్కి ఇంటికి పోయినప్పుడు ఆ నల్ల పిడి ఎస్ఎఫ్‌పీని అయ్య చేతిలో పెట్టాను. దాన్ని నేను వాపసు ఇవ్వలేదు, డబ్బు నా జీతంలో పోయింది. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని కోసమా మేం అంత దూరం తవ్వింది?"

"దీనికే. ఇది కాదు గానీ, ఇట్లాంటిదానికి."

మూత ఊడి అరుగు మీద పడింది. వెతికి తీసి, పంచెతో తుడిచి, తనే బిగించి ఇచ్చాడు.