నాన్న గోళ్ళలో నలుపు

మీ ఇంట్లో మెకానిక్ పని చేసేవారెవరైనా ఉంటే ఈ మాట మీకు వేరే చెప్పక్కర్లేదు. గ్రీజు మరక చొక్కా మీదైతే ఎలాగోలా వదులుతుంది గానీ, గోళ్ళ సందుల్లోంచి మాత్రం ఛస్తే వదలదు. మా అమ్మ ముందు మరక మీద కాస్త కిరసనాయిలు రుద్ది, బార్ సబ్బు పట్టించి, చాకలి సోడా వేసిన వేణ్ణీళ్ళలో రాత్రంతా నానబెట్టేది. (పొయ్యికి దూరంగా చేయండి తల్లీ, కిరసనాయిలుతో పని!) నాన్న చేతులకేమో రంపంపొట్టూ, సబ్బూ. ఎంత తోమినా అన్నం కలుపుకునేటప్పుడు చూస్తే గోళ్ళ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి గీత ఉండనే ఉండేది.

మాది తుని. మద్రాసు-కలకత్తా రోడ్డు మీది ఊరు. రోడ్డు వారనే రేకుల షెడ్డు వేసుకుని నాన్న స్కూటర్లూ, మోటారు సైకిళ్ళూ బాగుచేసేవారు. తాండవ వంతెన దాటితే పాయకరావుపేట, అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా. అటు బళ్ళూ, ఇటు బళ్ళూ నాన్న దగ్గరికే. పెళ్ళిళ్ళ రోజుల్లో అన్నవరం కొండకి వెళ్ళే కొత్త దంపతుల స్కూటర్లు సరిగ్గా మా ఊరు వచ్చేసరికి మొరాయించేవి. చేతిలో ఉన్న పని పక్కన పెట్టేసి ముందు వాళ్ళది చూసేవారు నాన్న. "వ్రతం పీటల మీద కూర్చోవాల్సినవాళ్ళని రోడ్డు మీద నిలబెట్టకూడదు" అనేవారు.

ఆయన బండిని చూసే పద్ధతే వేరు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు, అచ్చం డాక్టరుగారి గొట్టంలాగ. బేరింగు పోయిందో, పిస్టను అరిగిందో విప్పకుండానే చెప్పేసేవారు. ఆ రోజుల్లో స్కూటర్లకి పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోయాలి కదండీ! ఆయిలు ఎక్కువైతే ప్లగ్గుకి మసి పట్టేస్తుంది, తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. "పులుసులో ఉప్పేనే, అంతకంటే ఏం లేదు" అని అమ్మకి చెప్పేవారు. ఎదురింటివాళ్ళ కుట్టు మిషను, పక్కింటివాళ్ళ పంపు స్టవ్వు ఆదివారం పూట మా అరుగెక్కేవి. వాటికి కూలీ లేదు, కాఫీ మాత్రం మా అమ్మే ఇవ్వాలి.

వినడానికి ఇదంతా బాగానే ఉంటుంది. ఇల్లు నడిపినదాన్ని అడగాలి. "రేపిస్తాలే" అని బండెక్కిపోయినవాళ్ళని నాన్న ఏనాడూ గట్టిగా అడిగి ఎరగరు. అమ్మ జాకెట్లు కుట్టి, చీటీ కట్టి, నన్నూ తమ్ముణ్ణీ డిగ్రీ దాకా లాక్కొచ్చింది. నన్నడిగితే మంచితనం నాన్నది, దాని ఖర్చు అమ్మది. దసరాకి పానాలన్నీ కడిగి బొట్లు పెడుతుంటే ఓసారి అమ్మ అననే అంది. "ఆ బొట్టేదో బాకీల పుస్తకానికి పెట్టండి, నాలుగు డబ్బులన్నా వసూలవుతాయి" అని. నాన్న తలొంచుకుని పుస్తకానికీ బొట్టు పెట్టారు. వసూలు మాత్రం కాలేదు!

1988లో నా పెళ్ళి. వారం ముందునుంచీ నాన్న నిమ్మచెక్కా, కుంకుడు రసంతో గోళ్ళు తోముకుంటూనే ఉన్నారు. అయినా అల్లుడి కాళ్ళు కడగడానికి కూర్చోగానే మగపెళ్ళివారిలో ఒకావిడ, "ఆ చేతులతోనేనా?" అని అందరికీ వినబడేలా గొణిగింది. నాన్న చేతులు కండువా కిందికి వెళ్ళిపోయాయి. నాకు గుండె ఆగినంత పనైంది. నీళ్ళ చెంబు పట్టుకున్న అమ్మ మాత్రం తొణక్కుండా, "ఇరవై ఏళ్ళుగా తోముతున్నాను వదినగారూ, పోలేదు. మీరూ ఓసారి తోమి చూడండి" అంది. పందిరంతా నవ్వేసింది, ఆవిడతో సహా. నాన్న చేతులు బయటికొచ్చాయి.

తర్వాత్తర్వాత నాలుగు స్ట్రోకుల బళ్ళు పెరిగాయి. యాభై దాటాక కూడా నాన్న ఆ కొత్త పని పట్టుగా నేర్చుకున్నారు గానీ, 2000 తర్వాత పొగ నిబంధనలు బిగుసుకుని పాత స్కూటర్లు తగ్గిపోయాక షెడ్డులో సందడి తగ్గింది. 2011లో వెళ్ళిపోయారు.

పెద్ద కర్మ అయ్యాక అమ్మ బాకీల పుస్తకం నా ముందు పెట్టింది. "ఎవరెవరివ్వాలో పైకి చదువు. ఉన్నవాళ్ళనైనా అడుగుదాం" అంది. మొహమాటం తనకి లేదు, ఉండాల్సిన పనీ లేదు. తెరిచి చూద్దును కదా, ఒక్క మనిషి పేరు లేదు! "ఎర్ర లాంబ్రెట్టా, క్లచ్ వైరు, 12 రూపాయలు." "నీలం చేతక్, మేష్టారిది కాదు, రెండోది, 40." "డూమ్ సొట్ట పడిన రాజ్‌దూత్, 65." పేజీల కొద్దీ ఇదే వరస. ఆ బళ్ళలో సగం ఎప్పుడో పాత ఇనుముకి పోయుంటాయి.

అమ్మ చాలాసేపు పుస్తకం వంకే చూసింది. "పేరు రాస్తే వెళ్ళి అడగమంటానని రాసుండరు" అంది.

పుస్తకంలో వెనక పాతిక పేజీలు తెల్లగానే మిగిలాయి. వాటిల్లో అమ్మ పాల లెక్క రాసుకుంది.